పోర్షన్ అయిపోయిందంటే ఏం అయినట్టు?

చెన్నైలో పిల్లల్ని చదివించుకునే తెలుగు ఇళ్లలో సిలబస్ అన్న మాట పెద్దగా వినిపించదు. ఇక్కడ అందరూ అనేది పోర్షన్. హాఫ్ ఇయర్లీకి పోర్షన్ ఎంత, మ్యాథ్స్ పోర్షన్ ఇంకా అవలేదట, సైన్స్ పోర్షన్ అయిపోయింది కాబట్టి రివిజన్ మొదలెట్టారు. టి.నగర్‌లో స్కూలు గేటు దగ్గరైనా, పాత వాషర్‌మెన్‌పేటలో ట్యూషన్ మెట్ల మీదైనా ఇవే మాటలు. "అయిపోయింది" అనడంలో ఒక సౌకర్యం ఉంది. ఎవరు ముగించారో, ఎవరికి ముగిసిందో చెప్పక్కర్లేదు. టీచరు చెప్పడం అయిపోయి ఉండొచ్చు, పిల్లలు నోట్సు ఎక్కించుకోవడం అయిపోయి ఉండొచ్చు, లేదా క్యాలెండరులో ఆ పాఠానికి ఇచ్చిన వారం అయిపోయి ఉండొచ్చు.

తరగతి గదిలో నిజంగా ఏం నడుస్తోందో తెలుసుకోవాలనుకునే పరిశోధకులకూ విద్యాశాఖలకూ చిక్కంతా ఈ మాట దగ్గరే. పుస్తకంలో ఏముందో అందరికీ తెలుసు. పరీక్షలో పిల్లలకు ఎన్ని మార్కులొచ్చాయో కూడా తెలుసు. ఈ రెంటి మధ్య ఏం చెప్పారన్నది మాత్రం టీచరుకే తెలుసు. తరగతికో పరిశీలకుణ్ణి కూర్చోబెట్టడం ఏ ప్రభుత్వానికీ అయ్యే పని కాదు కాబట్టి టీచర్లనే అడగాలి. ఇప్పుడు ఆ అడగడం ఫోన్‌కు వచ్చే లింకు రూపంలో జరుగుతోంది. ఆ లింకుకు వచ్చే జవాబులను ఎంతవరకు నమ్మవచ్చన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: ప్రశ్న ఎంత చిన్నది, ఎప్పుడు అడిగారు, జవాబును ఎవరు చదువుతారని టీచరు అనుకుంటున్నారు. మూడోది తేడా వస్తే మొదటి రెండూ ఎంత బాగున్నా లాభం లేదు.

అడిగే అలవాటు కొత్తదేమీ కాదు. అమెరికన్ మనోవైజ్ఞానికుడు జాన్ కారొల్ 1963లో ఒక నమూనా ప్రతిపాదించాడు. పిల్లవాడు ఎంత నేర్చుకుంటాడన్నది వాడి తెలివి మీద మాత్రమే కాదు, నేర్చుకోవడానికి వాడికి దొరికిన సమయం మీద కూడా ఆధారపడుతుందన్నది అందులోని ముఖ్యమైన మాట. ఆ మరుసటి ఏడాది జరిగిన మొదటి అంతర్జాతీయ గణిత అధ్యయనంలో పిల్లలకు పరీక్ష పెట్టడంతో ఆగలేదు. పరీక్షలోని అంశాలు నేర్చుకునే అవకాశం మీ పిల్లలకు దొరికిందా అని టీచర్లను కూడా అడిగారు. ఒక దేశం పిల్లలు వెనకబడ్డారంటే వాళ్లకు రాక వెనకబడ్డారా, అసలు చెప్పకపోవడం వల్లా అన్నది తేలాలి కదా. 1995లో మొదలై నాలుగేళ్లకోసారి గణితం, సైన్సుల మీద చాలా దేశాల్లో జరిగే టిమ్స్ సర్వేలో ఈ ప్రశ్న ఇంకా పదునెక్కింది. ప్రతి అంశానికీ టీచరు మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి: ఈ ఏడాదికి ముందే చాలావరకు చెప్పేశారు, ఈ ఏడాది చెప్పారు, ఇంకా చెప్పలేదు లేదా ఇప్పుడే మొదలుపెట్టారు. మన దేశంలో 2017, 2021 సంవత్సరాల్లో జరిగిన నేషనల్ అచీవ్‌మెంట్ సర్వేలలోనూ పిల్లల పరీక్షతో పాటు టీచర్లకు విడిగా ఒక ప్రశ్నావళి ఉంది.

టిమ్స్‌లోని ఆ మూడో ఎంపికను గమనించాలి. చెప్పకపోవడం తప్పు అన్న ధ్వని దాంట్లో లేదు. క్రమంలో అది ఇంకా రాలేదు, అంతే. మన దగ్గర పరిస్థితి వేరు. విద్యాహక్కు చట్టం 2009లోని 24వ సెక్షన్ టీచరు విధుల్లో ఒకటిగా, నిర్ణీత గడువులోగా పాఠ్యక్రమం మొత్తాన్ని పూర్తి చేయాలని రాసింది. అదే చట్టం షెడ్యూలులో ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 దినాలు, 1000 గంటలు అన్న లెక్క కూడా ఉంది. అంటే "అవలేదు" అని టిక్కు పెట్టడం సమాచారం ఇవ్వడంతో ఆగదు, విధి సరిగా చేయలేదని రాసి సంతకం పెట్టడం అవుతుంది. అందుకే టీచరు ముందుగా రాసుకునే నోట్స్ ఆఫ్ లెసన్‌లోనూ, చెప్పాక నింపే వర్క్ డన్ రిజిస్టరులోనూ అన్ని పాఠాలూ అనుకున్న వారానికే పూర్తయి కనిపిస్తాయి. ఆన్‌లైన్ ఫారం కూడా ఆ రిజిస్టరుకు తోబుట్టువేనని టీచరుకు అనిపించిందంటే అందులోనూ అదే జవాబు పడుతుంది.

ఒక యూనిట్‌ను దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. తమిళనాడు పదో తరగతి గణితంలో ఎనిమిది యూనిట్లు. నాలుగోది జ్యామితి. పబ్లిక్ పరీక్ష నూరు మార్కుల పేపరులో ఎనిమిదేసి మార్కుల ప్రశ్నలు రెండు ఉంటాయి, ఒకటి జ్యామితి నిర్మాణం, ఇంకొకటి గ్రాఫు. స్కేలు, వృత్తలేఖిని సరిగా పట్టుకోవడం వచ్చిన ఏ పిల్లవాడైనా సాధన చేస్తే ఆ పదహారు మార్కులు చేతిలో ఉన్నట్టే. కాబట్టి పాస్ మార్కుల అంచున ఉన్న పిల్లల్ని కూర్చోబెట్టి సరూప త్రిభుజాలు, స్పర్శరేఖలు గీయించడం ప్రతి టీచరూ చేసే పని. అదే యూనిట్‌లో థేల్స్ సిద్ధాంతం ఉంది, కోణ సమద్విఖండన సిద్ధాంతం ఉంది, సెవా, మెనెలాస్ సిద్ధాంతాలు ఉన్నాయి. ఒక టీచరు నిర్మాణాలకు ఎనిమిది పీరియడ్లు, థేల్స్‌కు రెండు, సెవా మెనెలాస్‌లకు కలిపి పావుగంట ఇచ్చారనుకుందాం. ఇంకొక టీచరు సిద్ధాంతాలన్నిటినీ బోర్డు మీద నిరూపించి, నిర్మాణాలను ఇంటిపనికి వదిలారు. ఫారంలో "యూనిట్ 4: జ్యామితి, పూర్తయిందా?" అని ఉంటే ఇద్దరూ అవుననే అంటారు. ఇద్దరిదీ అబద్ధం కాదు. ఆ ప్రశ్నే ఆ యూనిట్ అంత వెడల్పుగా ఉంది, అందులో ఎవరి తరగతి అయినా పట్టేస్తుంది.

ఈ వెడల్పును తగ్గించడానికి అమెరికాలో ఆండ్రూ పోర్టర్, ఆయన సహచరులు ఒక పద్ధతి తయారుచేశారు. తరగతిలో అమలైన పాఠ్యక్రమాన్ని కొలిచే సర్వే అది. అంశాలను చిన్న చిన్న ముక్కలు చేస్తారు. ప్రతి ముక్కకూ మొదట సమయం అడుగుతారు: అసలు చెప్పలేదు, ఒక్క పీరియడ్ కన్నా తక్కువ, ఒకటి నుంచి ఐదు పీరియడ్లు, ఐదుకు మించి. తరవాత ఆ సమయంలో పిల్లలతో చేయించినది ఏమిటని అడుగుతారు. గుర్తుపెట్టుకోవడమా, పద్ధతి ప్రకారం లెక్క చేయడమా, అర్థమైందని తమ మాటల్లో చూపించడమా, ఊహించి నిరూపించడమా, కొత్తగా ఎదురైన సమస్యకు వాడటమా. ఇలా వచ్చిన గడుల పట్టికను పరీక్ష పేపరును అవే గడుల్లో విడగొట్టిన పట్టిక పక్కన పెడితే, చెప్పినదీ అడిగినదీ ఎంతవరకు కలుస్తున్నాయో ఒక అంకెలో వస్తుంది.

ఆ లెక్క పెద్ద కష్టమేమీ కాదు. ఒక పరీక్ష సగం మార్కులను జ్ఞాపకానికి, 30 శాతాన్ని లెక్క చేయడానికి, 20 శాతాన్ని కొత్త సమస్యలకు ఇచ్చిందనుకుందాం. తరగతిలో గడిచిన సమయం 70, 30, సున్నా. తేడాలు 20, సున్నా, 20. కలిపితే 40, అందులో సగం 20. నూటిలోంచి తీసేస్తే 80, అంటే సూచిక 0.8. ఒకటి వస్తే పూర్తిగా కలిసినట్టు, సున్నా వస్తే ఎక్కడా కలవనట్టు. 0.8 చూడటానికి బాగానే ఉంది. కానీ ఆ తరగతిలో ఏ పిల్లవాడూ కొత్త లెక్కను ఒక్కసారి కూడా ఎదుర్కోలేదన్న సంగతి ఆ అంకెలో మునిగిపోయింది. పట్టికను చూడకుండా సూచికను మాత్రమే నివేదికలో అచ్చువేస్తే చేసిన పనంతా సగం వృథా.

ఇంకో చిక్కు చాలా చిన్నదిలా కనిపిస్తుంది. ఈ గడుల పట్టిక కంప్యూటరు తెర కోసం పుట్టింది. ఆరంగుళాల ఫోన్‌లో తెరిస్తే మొదటి రెండు మూడు నిలువు వరసలే కనిపిస్తాయి, మిగతావాటికి వేలితో పక్కకు జరపాలి. బస్సులో నిలబడి నింపేవాళ్లు పక్కకు జరపరు. కనిపించిన వరసలోనే టిక్కులు పడతాయి. తరవాత ఆ టిక్కులను చూసి "టీచర్లు జ్ఞాపకశక్తికే ప్రాధాన్యం ఇస్తున్నారు" అని ఎవరో విశ్లేషణ రాస్తారు. ఫోన్‌లో నింపే ఫారమైతే ఒక తెరకు ఒకే ప్రశ్న ఉండాలి, ముందు చెప్పలేదన్న అంశానికి తరవాతి ప్రశ్నలు అసలు రాకూడదు. ఆన్‌లైన్ ఫారంకు కాగితం మీద ఉన్న అసలైన ఆధిక్యం ఇదే. చవకగా అయిపోవడం ఆ తరవాతి మాట.

టీచర్లు నిజాయితీగా జవాబిచ్చినా అన్ని జవాబులకూ ఒకే బరువు ఉండదు. 1990లో డేవిడ్ కోహెన్ అనే పరిశోధకుడు కాలిఫోర్నియాలోని ఒక టీచరు గురించి రాశాడు, ఆమెకు మిసెస్ ఊబ్లియే అని మారుపేరు పెట్టాడు. ఆ రాష్ట్రం అప్పటికి గణిత బోధనను మార్చాలని కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. తన తరగతి పూర్తిగా మారిపోయిందని ఆమె మనస్ఫూర్తిగా నమ్మారు. కొత్త సామగ్రి తెచ్చారు, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టారు. కోహెన్ వెళ్లి కూర్చుని చూస్తే, కొత్త సామగ్రితో సాగుతున్నది చాలావరకు పాత పాఠమే. సరైన జవాబు ఒకటి, అది టీచరుకు తెలుసు, పిల్లలు అది చెప్పాలి. ఆమెకు ఒక ఫారం ఇచ్చి "మీరు చర్చా పద్ధతి వాడతారా?" అని అడిగి ఉంటే అవుననే రాసేవారు, అందులో ఏ మోసమూ లేదు. 1999లో డేనియల్ మేయర్ బీజగణితం చెప్పే టీచర్ల సర్వే జవాబులను తరగతి పరిశీలనతో పోల్చి చూశాడు. చాలా ప్రశ్నలను కలిపి చూస్తే సర్వే, పరిశీలన దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఒక్కో ప్రశ్ననూ విడదీస్తే నిలకడ తగ్గిపోయింది. కలిపి చూసినప్పుడు కూడా, కొత్త పద్ధతులను ఎంత బాగా వాడుతున్నారన్నది అంకెల్లో దొరకలేదు.

కాబట్టి "ఏం చెప్పారు" అన్నదానికి వచ్చే జవాబు గట్టిది, "ఎంతసేపు" అన్నది ఓ మోస్తరు, "ఎలా" అన్నది బలహీనమైనది. మన దగ్గర వచ్చే ఫారాల్లో చాలావాటికి ఈ వరస తెలియదు. యాక్టివిటీలు చేయిస్తున్నారా, పిల్లలు ఆనందంగా పాల్గొంటున్నారా అని మూడో రకం ప్రశ్నలే ఎక్కువ. దానికి తోడు మాటల గొడవ. తమిళంలో పాఠం "నడత్తుతారు", తెలుగులో పాఠం "చెబుతారు". చెన్నైలో తెలుగు మీడియం టీచరుకు ఫారం తమిళంలోనో ఇంగ్లిషులోనో వస్తుంది. యాక్టివిటీ అంటే చార్టు అతికించడమా, పిల్లల్ని లేపి చదివించడమా, స్కూలు ఆవరణలో చెట్ల ఆకులు ఏరుకొచ్చి వేరుచేయించడమా? ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. దానికన్నా "కిందటి పాఠంలో పిల్లలు పుస్తకం మూసి ఏ పని చేశారు, ఎన్ని నిమిషాలు?" అని అడిగితే అర్థాల తేడాలు చాలావరకు పోతాయి.

ఏడాది చివర ఒకసారి అడగడం మంచిదా, రోజూ చిన్న డైరీలా నింపించడం మంచిదా? బ్రయన్ రోవన్ బృందం అమెరికా ప్రాథమిక పాఠశాలల్లో రెండోది చేసింది. పాఠం అయిన రోజునే టీచరు ఆ రోజు ఏం చెప్పారో ఒక చిన్న పత్రంలో గుర్తుపెట్టాలి. అందులో తేలిన ఒక సంగతి గమనించదగ్గది. టీచరుకూ టీచరుకూ మధ్య ఉన్న తేడా కన్నా, ఒకే టీచరు పాఠంలో ఒక రోజుకూ ఇంకో రోజుకూ ఉన్న తేడా ఎక్కువ. ఏడాదికోసారి వచ్చి ఒక పీరియడ్ చూసి వెళ్లే తనిఖీ అధికారి ఆ టీచరు గురించి ఏం తెలుసుకుని వెళ్తున్నాడో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. డైరీ పద్ధతి ఇక్కడ రోజూ నడవదు, టీచర్లకు ఇప్పటికే ఫారాలు ఎక్కువయ్యాయి. నెలకు రెండు రోజులు, ముందుగా చెప్పకుండా ఎంచి, "నిన్న మూడో పీరియడ్‌లో ఏం జరిగింది?" అని రెండు నిమిషాల ప్రశ్నలు పంపితే సరిపోతుంది. నిన్నటి సంగతి గుర్తుంటుంది. జూలైలో చెప్పిన పాఠం మార్చిలో గుర్తుండదు. రిజిస్టరు చూసి రాస్తారు, అప్పుడు ఆ సర్వే చదివినది టీచరును కాదు, రిజిస్టరును.

చెన్నైలో ఎప్పుడు అడిగారన్నది మామూలు విషయం కాదు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హాఫ్ ఇయర్లీ పరీక్షలు డిసెంబరులో. ఉదయం ఆరింటికి టీవీలో రెయిన్ హాలిడే అని స్క్రోలింగ్ వస్తే పిల్లలకు పండగ, టీచరుకు టెన్షన్. 2015 వరదల్లో బళ్లు వారాల తరబడి తెరుచుకోక హాఫ్ ఇయర్లీ జనవరికి పోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మళ్లీ పరీక్షలు వాయిదా. నవంబరు చివర సర్వే చేసి చెన్నైలో పోర్షన్ వెనకబడిందని, కోయంబత్తూరులో ముందుందని రాస్తే, కొలిచింది బోధనను కాదు, వానను. గత పది బడి రోజుల్లో ఎన్ని రోజులు పాఠం సాగిందన్న ఒక్క ప్రశ్నను ముందు పెడితే ఈ పొరపాటు చాలావరకు సర్దుకుంటుంది. ఆ పది రోజుల్లో స్పోర్ట్స్ డే రిహార్సలు, ఎన్నికల శిక్షణ కూడా బయటికి వస్తాయి. విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదంటుంది. ఫారాలు నింపడం అందులో ఎక్కడికి వస్తుందో చట్టం చెప్పలేదు.

ఫారం వచ్చే తీరు కూడా చూడాలి. లింకు పై ఆఫీసు నుంచి హెచ్.ఎం.ల వాట్సాప్ గ్రూపుకు, అక్కడి నుంచి స్టాఫ్ గ్రూపుకు దిగుతుంది. కింద ఒక వాక్యం: ఈరోజు సాయంత్రం నాలుగులోపు తప్పనిసరి. హాజరు, ఉచిత పుస్తకాలు, పిల్లల వివరాలు, అన్నీ విద్యాశాఖ ఆన్‌లైన్ వ్యవస్థ ఎమిస్‌లో ఎక్కించేది కూడా ఇదే ఫోన్‌లో. మూడున్నరకు ఒక టీచరు నింపి, "నేను ఇలా పెట్టాను" అని స్క్రీన్‌షాట్ పంపితే మిగతావాళ్లు అదే పెడతారు. ఈ పని ఆన్‌లైన్‌లో జాడ వదులుతుంది. ఫారం ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు పంపారు అన్నది నమోదు చేసేలా ఏర్పాటు చేసుకోవచ్చు. నలభై ప్రశ్నలకు రెండున్నర నిమిషాల్లో, ఒకే బడి నుంచి వరసగా ఏడు ఒకేలాంటి జవాబులు వస్తే అవి ఏడు కావు, ఒకటి. వాటిని తీసేయకుండా లెక్కగట్టి, నూటికి నూరు స్పందన వచ్చిందని చెప్పుకోవడం కన్నా, నూటికి నలభై వచ్చినా సొంతంగా నింపినవి మేలు. కాకపోతే ఆ నలభైలో ఎవరున్నారో చూడాలి. ఇష్టం ఉంటేనే నింపండి అంటే పాఠం బాగా నడుస్తున్నవాళ్లు, లేదా వ్యవస్థ మీద బాగా కోపం ఉన్నవాళ్లు ముందుకొస్తారు. మధ్యలో ఉన్నవాళ్లు లింకును తరవాత చూద్దామని పక్కన పెడతారు, అది గుడ్ మార్నింగ్ మెసేజీల కింద పడిపోతుంది.

పేరు అడగకపోతే ధైర్యంగా రాస్తారు కదా అంటారు. పెద్ద గుంపులకు అది నిజమే. చెన్నైలో తమిళ మీడియం గణితం టీచరు వందల్లో ఒకరు. తెలుగు టీచరు సంగతి అలా కాదు. తెలుగువాళ్లు ఈ నగరంలో బళ్లు కట్టి తరాలు గడిచాయి. మైలాపూరు, టి.నగర్‌లలోని కేసరి పాఠశాలలు, జార్జిటౌన్‌లోని ఎస్.కె.పి.డి. పాఠశాల అలా పుట్టినవే. కానీ 2006 చట్టం తరవాత, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయి 2015-16కు పదో తరగతికి చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు పబ్లిక్ పరీక్షలో మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. తెలుగు మీడియం సెక్షన్లు పలచబడ్డాయి. ఇప్పుడు ఒక ఫారం పేరు అడగకుండా జిల్లా, మీడియం, తరగతి, సబ్జెక్టు అడిగిందనుకోండి. చెన్నై, తెలుగు, తొమ్మిది, గణితం. ఆ నాలుగు గడులు నింపేసరికి ఆ టీచరు ఎవరో ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలిసిపోతుంది. పేరు రాయకపోవడం ఆమెకు ఏ రక్షణా ఇవ్వలేదు. ఆమె పోర్షన్ అయిందనే రాస్తారు.

దీనికి సర్వేలు చేసేవాళ్ల దగ్గర ఒక జవాబుంది. ఒక గడిలో మరీ తక్కువమంది ఉంటే ఆ అంకెను బయటపెట్టరు, "ఇతరులు"లో కలిపేస్తారు. రక్షణ దొరుకుతుంది, దానితో పాటు తెలుగు తరగతి నివేదికలోంచి మాయమవుతుంది. కన్నడం, మలయాళం, ఉర్దూ మీడియాలతో కలిసి నివేదిక గ్రాఫులో ఒక కడ్డీగా మారిపోతుంది. ఆ కడ్డీని చూసి తెలుగు మీడియం పుస్తకం ఆలస్యంగా అందిందో, తమిళం నుంచి అనువదించిన సాంకేతిక పదాలు పిల్లలకు కొరుకుడు పడటం లేదో ఎవరూ చెప్పలేరు. జిల్లాను వదిలేసి భాషను ఉంచుకోవడం ఇంతకన్నా తెలివైన దారి. చెన్నైతో తిరువళ్లూరును, హోసూరు ఉన్న కృష్ణగిరి జిల్లాను కలిపి తెలుగు మీడియం అంతటినీ ఒక గుంపుగా తీసుకుంటే మనిషి దాగుతాడు, భాష కనిపిస్తుంది. జిల్లాల వారీ పోలిక పోతుంది, నిజమే. పోయినా నష్టం లేని పోలిక అది.

చిన్న సెక్షన్లకు ఇంకో ఇబ్బంది ఉంది. నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో, ఒకే టీచరు. ఫారం "నాలుగో తరగతి గణితానికి వారానికి ఎన్ని పీరియడ్లు?" అని అడుగుతుంది. ఐదోవాళ్లు లెక్కలు చేసుకుంటుండగా నాలుగోవాళ్లకు చెప్పిన ఇరవై నిమిషాలు ఒక పీరియడా, అర పీరియడా? ఫారంలో దీనికి చోటు లేదు. నింపకుండా ముందుకు పోనివ్వదు కూడా. టీచరు టైంటేబులులో ఉన్న అంకెను వేస్తారు.

ఇక టీచర్లను అడిగే ఈ పద్ధతికి అసలు పరీక్ష ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి దగ్గర ఎదురైంది. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇంటర్ మొదటి ఏడాదికి విడిగా బోర్డు పరీక్ష ఉంది, ఆ మార్కులు చివరిదాకా వెంట వస్తాయి, కాబట్టి ఆ ఏడాది పుస్తకాన్ని దాటేయడం కష్టం. తమిళనాడులో చాలాకాలం పబ్లిక్ పరీక్ష ప్లస్ టూకే ఉండేది. దాంతో కొన్ని బళ్లు పదకొండో తరగతి పుస్తకాన్ని అటకెక్కించి, పన్నెండో తరగతి పాఠాలనే రెండేళ్లు రుద్దేవి. ఇది తల్లిదండ్రులకు తెలుసు, ట్యూషన్ మాస్టార్లకు తెలుసు, ఊళ్లో అందరికీ తెలుసు. పిల్లలు ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో తడబడుతున్నారని, జాతీయ ప్రవేశ పరీక్షల్లో పదకొండో తరగతి ప్రశ్నల దగ్గర చతికిలబడుతున్నారని చెప్పి ప్రభుత్వం 2017-18 నుంచి ప్లస్ వన్‌కూ పబ్లిక్ పరీక్ష పెట్టింది. రిజిస్టర్లలో మాత్రం అన్నేళ్లూ పదకొండో తరగతి పోర్షన్ అయిపోతూనే ఉంది. ఎంత మంచి ఆన్‌లైన్ ఫారం పంపినా, యాజమాన్యమే వద్దన్న పాఠాన్ని "చెప్పలేదు" అని రాసే టీచరు దొరకడం కష్టం. అక్కడ లోపం టీచరు జ్ఞాపకంలోనూ లేదు, ప్రశ్నలోనూ లేదు.

2025 ఆగస్టులో విడుదలైన రాష్ట్ర విద్యా విధానం తరవాత ప్లస్ వన్ పబ్లిక్ పరీక్ష మళ్లీ పోయింది. పదకొండో తరగతి పుస్తకానికి కాపలా లేదు. ఇక ఆ పుస్తకం తెరిచారో లేదో తెలియాలంటే అడగడం ఒక్కటే దారి. దాన్ని ఆ ఏడాది చెప్పిన టీచరును కాకుండా తరవాతి ఏడాది ఆ పిల్లల్ని అందుకున్న టీచరును అడగవచ్చు. జూన్‌లో ప్లస్ టూ మొదలైన మొదటి పది రోజుల్లో కిందటేడాది పుస్తకంలోంచి ఏ పాఠాన్ని మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది? ఇందులో ఎవరి తప్పూ ఒప్పుకోవాల్సింది లేదు, వేరేవాళ్లు వదిలేసిన పనిని తాను చేశానని చెప్పడమే, దానికి మనుషులు వెనకాడరు. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ ఉపాయం బాగానే పనిచేస్తుంది. చాలా బళ్లలో పదకొండుకూ పన్నెండుకూ భౌతికశాస్త్రం చెప్పేది ఒకే టీచరు. అక్కడ మాత్రం ఈ ప్రశ్న తిరిగి ఆయన దగ్గరికే వస్తుంది. అప్పుడు మిగిలేది పిల్లల నోట్‌బుక్కులు. ప్రతి పేజీ పైన కుడివైపు తేదీ వేయిస్తారు కదా, ప్లస్ వన్ ఫిజిక్సు నోట్సులో సెప్టెంబరు ఎన్ని పేజీలుందో లెక్కపెట్టడానికి లింకు అక్కర్లేదు. తరగతికి ముగ్గురు పిల్లల పుస్తకాలు చూస్తే చాలు.